ఆరింటికి అన్నం దొరకదు: స్పెయిన్ వచ్చే మనవాళ్ళకి తిండి సంగతులు

అమ్మానాన్నలు మొదటిసారి వలెన్సియా వచ్చిన రోజు, సాయంత్రం ఆరున్నరకి వాళ్ళని భోజనానికి బయటికి తీసుకెళ్ళాను. విమానంలో పెట్టింది ఇద్దరూ ముట్టుకోలేదు, బాగా ఆకలి మీదున్నారు. మొదటి హోటల్లో కుర్చీలు బల్లల మీదికెక్కించి నేల తుడుస్తున్నారు. రెండోచోట వంటింట్లో లైట్లే ఆర్పేశారు, ఎనిమిదిన్నరకి రమ్మన్నారు. మూడోచోట కూర్చోబెట్టారు గానీ ఇచ్చింది గిన్నెడు ఆలివ్ కాయలు, ఒక ప్లేటు చిప్స్. నాన్న ఆ చిప్స్ ఒక్కొక్కటే తీసి తింటూ, "ఇంత పెద్ద ఊళ్ళో ఆరింటికి అన్నం దొరకదేంటమ్మా?" అన్నారు. అత్తిలి దగ్గర మా ఊళ్ళో ఏడున్నరకల్లా భోంచేసి తొమ్మిదికి నిద్రపోయే మనిషి ఆయన.

తప్పు నాదే. ఏడేళ్ళుగా ఇక్కడ ఉంటున్నా ఆ వేళకి నేనెప్పుడూ బయట తినలేదు. ఎక్కడో ఒకచోట దొరక్కపోతుందా అనుకున్నాను. ఆ నెలన్నర వాళ్ళతో తిరిగాక, ఆ తర్వాత పిన్నీ బాబాయ్, ఇద్దరు కజిన్లు వచ్చి వెళ్ళాక, ఇక్కడి తిండి ఎలా తింటే మనవాళ్ళకి నచ్చుతుందో నాకొక అంచనా వచ్చింది. వచ్చే ప్రతివాళ్ళకీ ఫోన్లో చెప్పిందే చెప్పలేక ఇలా రాసిపెడుతున్నాను. నేనుండేది వలెన్సియాలో కాబట్టి ఇందులో ఈ ఊరి సంగతులే ఎక్కువ ఉంటాయి, ఏమీ అనుకోకండి.

ముందు గడియారం మార్చుకోండి

ఇక్కడ పొద్దున లేవగానే ఎవరూ పెద్దగా తినరు. ఒక కాఫీ, ఒక టోస్టు ముక్క, అంతే. అసలు భోజనం మధ్యాహ్నం రెండింటికి. వంటిళ్ళు ఒంటిగంటన్నరకి తెరిస్తే నాలుగింటికి మూసేస్తారు. మళ్ళీ తెరిచేది రాత్రి ఎనిమిదిన్నరకి, జనం వచ్చేది తొమ్మిదిన్నరకి. మధ్యలో కాఫీలు, కేకులు, సాండ్‌విచ్‌లు తప్ప వేడి భోజనం దొరకడం కష్టం. రోజంతా తెరిచి ఉండే హోటళ్ళు టూరిస్టు వీధుల్లో ఉంటాయి, కానీ బొమ్మల మెనూ పెట్టి పిలిచే ఆ హోటళ్ళలో తినడానికి ఇంత దూరం రానక్కర్లేదు.

నేను చెప్పే పద్ధతి ఇది. రెండింటికి కడుపునిండా తినండి. రాత్రికి బయట తినాలనిపిస్తే ఎనిమిదిన్నరకి వెళ్ళి చిన్న చిన్న ప్లేట్లు రెండు మూడు పంచుకోండి. అదీ వద్దనుకునే పెద్దవాళ్ళకి సూపర్ మార్కెట్లో "యోగుర్ నతురాల్" అని అడిగితే పంచదార లేని పెరుగు దొరుకుతుంది. రూములో చిన్న స్టవ్ ఉంటే పెరుగన్నానికి లోటుండదు. మా నాన్న మూడో రోజు నుంచి ఇదే పద్ధతిలో పడ్డారు.

వలెన్సియాలో ఇంకో పూట కూడా ఉంది, గైడ్లలో దీని గురించి ఎక్కువ రాయరు. పొద్దున పదీ పదిన్నరకి తినే "ఎస్మొర్సారెత్". తెల్లారకముందే పొలానికెళ్ళిన రైతులు, కూలీలు మధ్యలో తినే పూట అది. మన దగ్గర గట్టుమీద కూర్చుని చద్దన్నం తిన్నట్టే. ఇప్పుడు ఆఫీసులవాళ్ళూ మానరు. మూరెడు బ్రెడ్డులో గుడ్డో, మాంసమో పెట్టిస్తారు. దాంతోపాటు బల్లమీద వేయించిన వేరుశనక్కాయలు, ఆలివ్‌లు. కాయలు మనవే అనుకోండి, పొట్టు వలుచుకుంటూ గంటసేపు మాట్లాడుకుంటారు. చివర్లో "క్రెమాయెత్" అని, రమ్ముని పంచదారతో మంటపెట్టి దానిమీద కాఫీ పోసి ఇస్తారు. నాన్న ఆ నీలం మంట చూసి ముచ్చటపడ్డారు, తాగడానికి మాత్రం అమ్మ ఒప్పుకోలేదు.

మధ్యాహ్నం మెను

రెండింటికి హోటలు బయట పలకమీద సుద్దతో "మెను దెల్ దీయా" అని రాసి ఉంటుంది. ఆ రోజు భోజనం అని అర్థం. 1960లలో టూరిస్టుల కోసం ప్రభుత్వం నిర్ణీత ధరకి పెట్టించిన భోజనం నుంచి వచ్చిన అలవాటు ఇది. ఇప్పుడు దీన్ని టూరిస్టులకంటే పనిచేసుకునేవాళ్ళే ఎక్కువ తింటారు. మొదటి ప్లేటు, రెండో ప్లేటు, బ్రెడ్డు, తాగడానికి ఏదో ఒకటి, చివర్లో తీపి లేదా కాఫీ. మా వీధిలో 14 యూరోలు. ఇవే విడివిడిగా తెప్పించుకుంటే రెట్టింపు అవుతుంది.

కిటుకేంటంటే, మొదటి ప్లేటే మనకి పనికొచ్చేది. అందులో పప్పుదినుసులు, కూరగాయలు, సూపు, అన్నం ఉంటాయి. రెండో ప్లేటు మాంసం లేదా చేప, పక్కన నాలుగు బంగాళాదుంప ముక్కలు. శాకాహారులు రెండు మొదటి ప్లేట్లు ఇమ్మని అడగొచ్చు, చాలాచోట్ల ఒప్పుకుంటారు. మంచినీళ్ళు కొనక్కర్లేదు. "ఆగ్వా దెల్ గ్రీఫో" అంటే కుళాయి నీళ్ళు. 2022 నాటి చట్టం ప్రకారం అడిగినవాళ్ళకి ఊరికే ఇవ్వాలి. టిప్పు తప్పనిసరి కాదు, చిల్లర వదిలేస్తే చాలు. బిల్లు మీరు అడిగేదాకా తేరు. "లా క్వెంతా, పోర్ ఫవోర్" అనాలి. తేలేదని కోపం తెచ్చుకోకండి, అడక్కుండా బిల్లు తెస్తే లేచి వెళ్ళమన్నట్టు ఉంటుందని వాళ్ళ ఉద్దేశం.

హామోన్ మాంసం కాదట

అమ్మ శనివారాలు నీసు ముట్టదు. మొదటి శనివారం ఒక హోటల్లో "మాంసం లేకుండా" అని స్పష్టంగా చెప్పి ఆకుపచ్చ బీన్స్ కూర తెప్పించాను. వచ్చిన ప్లేటులో బీన్స్ మధ్య గులాబీ రంగు ముక్కలు. ఇదేంటని అడిగితే వడ్డించే అబ్బాయి అమాయకంగా, "మాంసం ఏమీ లేదండీ, కాస్త హామోన్ అంతే" అన్నాడు. హామోన్ అంటే ఉప్పులో ఊరబెట్టి ఆరబెట్టిన పంది తొడ. అతను అబద్ధమాడలేదు. ఇక్కడ చాలామందికి "కార్నే" అంటే పళ్ళెంలో పెద్ద ముక్కగా కనపడే మాంసమే. హామోన్ వాళ్ళకి పోపు సామానులాంటిది. అమ్మ ఆ పూట బ్రెడ్డు, నారింజపండు తిని లేచింది.

అప్పట్నుంచి ఈ మాటలు ఒక కాగితం మీద రాసి అందరికీ ఇస్తున్నాను. ఆడవాళ్ళయితే "సోయ్ బెహెతారియానా", మగవాళ్ళయితే "సోయ్ బెహెతారియానో", అంటే నేను శాకాహారిని. దాని వెంటనే "సిన్ కార్నే, సిన్ హామోన్, సిన్ పెస్కాదో" అని విడివిడిగా చెప్పాలి: మాంసం వద్దు, హామోన్ వద్దు, చేప వద్దు. సలాడ్ తెప్పిస్తే "సిన్ అతూన్" కూడా కలపండి, లేకపోతే మీద డబ్బా ట్యూనా చేప వేసి తెస్తారు. ఏ ప్లేటునైనా చూపించి "యేవా హామోన్?" అంటే ఇందులో హామోన్ ఉందా అని. పప్పు సూపులకి ఇది మరీ ముఖ్యం. శనగలు, అలసందలు అని రాసి ఉన్నా ఎముకతో ఉడికించి ఉండొచ్చు. గొడ్డుమాంసం తిననివాళ్ళు "తెర్నేరా", "బాకా", "రాబో దె తోరో" అన్న మాటలు గుర్తుపెట్టుకోండి. పంది అయితే "సెర్దో". "క్రొకేతాలు" చూడ్డానికి మన ఆలూ బోండాల్లా ఉంటాయి గానీ లోపల తెల్ల సాసులో ఎక్కువగా హామోన్ తురుమే ఉంటుంది.

ఇంత చెప్పాక శాకాహారులకి ఏముందంటారా? చాలా ఉన్నాయి. సెవియా ఊరి "ఎస్పినాకాస్ కోన్ గర్బాన్సోస్" అంటే పాలకూర, కాబూలీ శనగలు. వెల్లుల్లి, జీలకర్ర, వేయించిన బ్రెడ్డు నూరి కలుపుతారు, కాస్త వెనిగర్ తగులుతుంది. అమ్మ రెండు ముద్దలు తిని, "ఇది మన కూరేనే, ఉల్లిపాయ మర్చిపోయారు" అంది. లా మంచా ప్రాంతపు "పిస్తో" ఉంది. గుమ్మడి జాతి సొరకాయలాంటి కాయ, కాప్సికం, టమాటా, ఉల్లి సన్నసెగ మీద గంటసేపు మగ్గబెట్టిన కూర. పైన గుడ్డు వేస్తారు, వద్దంటే మానేస్తారు. కాతలోనియాలో అయితే కాల్చిన వంకాయ, కాల్చిన కాప్సికం చీలికలుగా తీసి నూనె పోసి ఇచ్చే "ఎస్కలివాదా". వంకాయ పచ్చడి చేసేముందు పొయ్యిమీద కాల్చిన వాసన ఉంటుందే, అచ్చం అదే.

పాయెయా: ఎక్కడ తినాలి, ఎక్కడ తినకూడదు

మనవాళ్ళు పాయెల్లా అంటారు, ఇక్కడ పాయెయా అంటారు. ఆ మాట అసలు ఆ పెద్ద పలచటి పెనానిది. వలెన్సియా భాషలో పెనమే పాయెయా, అందులో వండిన అన్నానికీ అదే పేరు స్థిరపడింది.

వలెన్సియా బియ్యం పేరు మీదున్న సంస్థ అసలైన వలెన్సియా పాయెయాకి పది వస్తువులు లెక్కకట్టింది: బియ్యం, నీళ్ళు, ఆలివ్ నూనె, ఉప్పు, కుంకుమపువ్వు, టమాటా, కోడి, కుందేలు, వెడల్పాటి ఆకుపచ్చ బీన్స్, "గర్రొఫో" అనే పెద్ద తెల్ల చిక్కుడు గింజ. రోజ్‌మేరీ రెమ్మ, నత్తలు, తీపి మిరపపొడి వంటివి వేసేవాళ్ళు వేస్తారు. ఉల్లిపాయ వేయరు, అన్నం మెత్తబడుతుందని. చొరీసో సాసేజ్ వేశారంటే ఇక్కడివాళ్ళకి ఒళ్ళు మండుతుంది. రొయ్యలు, ఆల్చిప్పలు వేసేది వేరే రకం, తీరంలో అదీ పాతదే, అదీ బాగుంటుంది. రెండూ కలిపేసిన "మిక్స్‌డ్" రకం మాత్రం టూరిస్టులకే.

నేను అమ్మానాన్నల్ని ఊళ్ళో కాకుండా అల్బుఫేరా తీసుకెళ్ళాను. వలెన్సియాకి దక్షిణంగా పది కిలోమీటర్ల దూరంలో ఉన్న మంచినీటి సరస్సు అది, చుట్టూ వరిచేలు. సరస్సు ఒడ్డున, ఒకప్పుడు దీవిగా ఉన్న ఎల్ పల్మార్ ఊరు, సిటీ బస్సు వెళ్తుంది. అది సెప్టెంబరు, కోతల కాలం. బస్సు దిగగానే నాన్న హోటలు వైపు కాదు, గట్టు వైపు నడిచారు. కంకి ఒకటి తెంపి అరచేతిలో నలిపి, "పొట్టి గింజ. సన్నాలు కాదు. ఏం వండుతారు దీంతో?" అన్నారు. కొంగలు మెషీన్ వెనకాలే నడుస్తున్నాయి. పంటకాలవ, బురద వాసన, దూరంగా ఎండుగడ్డి. ఆయన ఇంటి నుంచి వచ్చాక మొట్టమొదటిసారి నిమ్మళంగా కనిపించింది అక్కడే.

ఆ పొట్టి గింజలోనే ఉంది సంగతి. సేనియా, బోంబా అని రకాలు. మన సన్నబియ్యం మెతుకు మెతుకు విడిపోయి కూరతో కలవడానికి పుట్టింది. ఈ గింజ రసాన్ని తనలోకి పీల్చుకోవడానికి పుట్టింది. బోంబా అయితే ఎంత రసం పీల్చినా చిట్లిపోదు. పెనంలో మాంసం ఎర్రగా వేగాక, కూరలు, తురిమిన టమాటా వేసి, నీళ్ళు పోసి అరగంట మరగనిస్తారు. ఆ రసం సిద్ధమయ్యాకే బియ్యం. పెనమంతా సర్దుతారు, ఆ తర్వాత గరిటె పెట్టరు. మొదట పెద్దమంట, తర్వాత చిన్నమంట, మొత్తం పద్దెనిమిది, ఇరవై నిమిషాలు. కొన్నిచోట్ల ఇంకా నారింజ కట్టెల మీదే వండుతారు. అన్నం వేలెడు మందం కూడా ఉండకూడదు. అడుగున పట్టే మాడుని "సొకర్రాత్" అంటారు, దానికోసమే పోట్లాట. చిన్నప్పుడు ఇత్తడి గిన్నె అడుగున మాడుచెక్క గీక్కుని తిన్నవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

పెనం బల్ల మధ్యలో పెడతారు, కట్టె చెంచాలిస్తారు. ఎవరి ముందున్న భాగం వాళ్ళది, త్రికోణంలా లోపలికి తింటూ పోవాలి. పక్కవాళ్ళ వైపు చెంచా వెళ్ళకూడదు. మన విస్తరి మర్యాదే, కాకపోతే విస్తరి ఒక్కటే. అమ్మ కుందేలు తినదు కాబట్టి ముందే ఫోన్ చేసి కోడి మాత్రం వేయమన్నాను. వంటాయన ఫోన్లో నిట్టూర్చాడు గానీ వేశాడు.

నకిలీది కనిపెట్టడం తేలిక. రాత్రిపూట అమ్ముతుంటే అనుమానించండి, ఇది మధ్యాహ్నం భోజనం. ఒక్కరికి ఇస్తామన్నా అనుమానించండి, అసలుది కనీసం ఇద్దరికి వండుతారు. పది నిమిషాల్లో తెస్తే అది ఫ్రీజర్లోంచి వచ్చిందే. మంచిచోట నలభై నిమిషాలు కూర్చోబెడతారు, ఆదివారమైతే ముందే చెప్పుకోవాలి. రంగు నిమ్మకాయలా పచ్చగా మెరిసిపోతుంటే పొడి రంగు కలిపినట్టు. అసలుది కాస్త మట్టిరంగులో ఉంటుంది.

ఇంట్లో చేసుకోవచ్చా అని అందరూ అడుగుతారు. గ్యాస్ పొయ్యి మీద, సన్నబియ్యంతో వద్దు. అది పులావ్ అవుతుంది. పులావ్ మనకి ముందే బాగా వచ్చు.

కారం ఎక్కడికి పోయింది

"అన్నీ బాగున్నాయి గానీ చప్పగా ఉన్నాయి." ఇది వచ్చిన ప్రతి చుట్టం నోటా విన్నాను. కానీ యూరప్‌లో మిరపకాయ మొదట అడుగుపెట్టిన దేశాల్లో ఇదొకటి. కొలంబస్ మిరియాలు వెతుక్కుంటూ వెళ్ళి మిరపకాయలతో 1493లో తిరిగొచ్చాడు. ఇక్కడివాళ్ళు మిరియాన్ని "పిమియెంతా" అంటారు, మిరపకి "పిమియెంతో" అని పేరుపెట్టారు. మిరియం, మిరప అని మనం పిలుచుకున్నట్టే. మనకి అది పోర్చుగీసువాళ్ళ ద్వారా వచ్చింది. మనం దాన్ని గుంటూరు దాకా తీసుకెళ్ళి కారం పెంచుకున్నాం, వీళ్ళు కారం తగ్గించి వాసన పెంచుకున్నారు.

ఆ వాసనే "పిమెంతోన్ దె లా వేరా". కాసెరెస్ జిల్లాలో పండిన ఎర్ర మిరపని ఎండలో కాదు, ఓక్ కట్టెల పొగలో పది పదిహేను రోజులు ఆరబెట్టి పొడి కొడతారు. మూత తీయగానే పొగాకు బేరన్ దగ్గర నిలబడినట్టుంటుంది. "దుల్సే" అంటే కారం లేనిది, "పికాంతే" అంటే కారంది, మనకి అదీ కారం కాదు. గలీసియాలో ఉడికించిన ఆక్టోపస్‌ని కత్తెరతో ముక్కలు కోసి, చెక్కపళ్ళెంలో పెట్టి, పైన ఈ పొడి, రాళ్ళఉప్పు, నూనె చల్లి ఇస్తారు. పేరు "పుల్పో ఆ ఫెయిరా". బాబాయ్ కళ్ళు మూసుకుని మొదటి ముక్క తిని, రెండో ప్లేటు కూడా ఆయనే తెప్పించారు.

"పద్రోన్ మిరపకాయలు" మాత్రం తప్పకుండా తినాలి. బొటనవేలంత పచ్చి మిరపకాయలు నూనెలో బొబ్బలెక్కేలా వేయించి రాళ్ళఉప్పు చల్లుతారు. కొన్ని కారం, కొన్ని కాదు అని గలీసియాలో సామెతే ఉంది. నాన్న ప్లేటంతా ఖాళీ చేసి, "ఒక్కటీ పలకలేదు" అన్నారు. అప్పుడే అమ్మకి తగిలింది. దగ్గు ఆగలేదు. మిరపకాయలు తిని పెరిగిన మనిషికి స్పెయిన్‌లో పొలమారిందని నాన్న ఇప్పటికీ అందరికీ చెప్తారు.

నా సలహా ఏంటంటే, ఆవకాయ సీసా తెచ్చుకోండి, కానీ మొదటి మూడు రోజులు సూట్‌కేసులోంచి తీయకండి. ఈ వంటల్లో రుచి నూనెలో, వెల్లుల్లిలో, ఉప్పులో ఉంటుంది. నాలుక మీద కారం పలచబడితేగాని అది తెలియదు. నాలుగో రోజు నుంచి మీ ఇష్టం.

తోర్తీయా: ఇంటికి పట్టుకెళ్ళాల్సిన వంట

మెక్సికో రొట్టెకి, దీనికీ సంబంధం లేదు. ఇది గుడ్లు, బంగాళాదుంపలతో చేసే మందపాటి అట్టు. ప్రతి బార్లోనూ ఉంటుంది, ప్రతి ఇంట్లోనూ ఉంటుంది, ఉల్లిపాయ వేయాలా వద్దా అని ఈ దేశమంతా రెండు పార్టీలుగా చీలిపోయింది. నాకు నేర్పింది మూడో అంతస్తులో ఉండే పెద్దావిడ. ఆవిడది ఉల్లిపాయ పార్టీ, కాబట్టి నాదీ అదే.

నలుగురికి ఆరు గుడ్లు, ముప్పావు కిలోకి కాస్త తక్కువ బంగాళాదుంపలు, ఒక పెద్ద ఉల్లిపాయ, చెంచాడు ఉప్పు. అంటుకోని పెనం, 24 సెంటీమీటర్లది. నూనె దాదాపు మూడువందల మిల్లీలీటర్లు. కంగారుపడకండి, చాలామటుకు తిరిగొస్తుంది.

దుంపలు చెక్కుతీసి, నిలువుగా రెండు చేసి, పలచటి అర్ధచంద్రాల్లా కోయాలి. ఉప్పు కలిపి, గోరువెచ్చటి నూనెలో ఉల్లిపాయతో సహా వేసి సన్నసెగ మీద ఉంచాలి. ఇక్కడే మనవాళ్ళు చెడగొడతారు. ఇది వేపుడు కాదు. చిప్స్ శబ్దం రాకూడదు, చిన్న బుడగలు రావాలి. ఇరవై, ఇరవై ఐదు నిమిషాలకి దుంప గరిటె తగిలితే విరిగిపోయేలా మెత్తబడుతుంది, రంగు మాత్రం మారకూడదు. నేను మొదటిసారి తొందరపడి మంట పెంచితే ఆవిడ నా చేతిమీద కొట్టి తగ్గించింది.

చిల్లుల గిన్నెలో వేసి నూనె వార్చండి. గుడ్లు గిలకొట్టి, వేడి దుంపల్ని అందులోనే కలిపి పది నిమిషాలు కదపకుండా వదిలేయండి. ఆ నానడం వల్లే అట్టు లోపల ముద్దగా, జారుగా ఉంటుంది. తర్వాత పెనంలో చెంచాడు నూనె వేసి, బాగా వేడెక్కాక మొత్తం పోయండి. రెండు మూడు నిమిషాలకి అంచులు గట్టిపడతాయి. అప్పుడు పెనం కంటే పెద్ద పళ్ళెం బోర్లించి, అరచెయ్యి గట్టిగా అదిమిపెట్టి, ఒక్క ఊపున తిప్పేయాలి. సింకు మీద నిలబడి తిప్పండి. ధైర్యం సగంలో పోతే గుడ్డు మోచేతి దాకా కారుతుంది, నాకు కారింది. పళ్ళెంలోంచి మళ్ళీ పెనంలోకి జార్చి, అంచులు లోపలికి నొక్కుతూ ఇంకో రెండు నిమిషాలు. దించి ఐదు నిమిషాలు ఆగి కోయండి. గలీసియాలోని బెతాన్సోస్ ఊళ్ళో కోస్తే లోపల గుడ్డు కారిపోయేలా ఉంచుతారు. అమ్మకి అది పచ్చి అనిపిస్తుంది. మీ ఇంట్లోనూ అదే గొడవైతే రెండోవైపు ఇంకో నిమిషం ఉంచండి.

ఆలివ్ నూనె ఖరీదు అనుకుంటే దుంపలు వేరుశనగ నూనెలో ఉడికించి, చివరి చెంచా మాత్రం ఆలివ్ నూనె వాడండి. రుచి మారుతుంది, కానీ చెడదు. వార్చిన నూనె పారేయకండి, రేపటి కూరకి పనికొస్తుంది.

మిగతావి గబగబా

ఎండాకాలం వస్తే చల్లటి సూపులు. గస్పాచో అంటే ఉడికించని పండు టమాటా, దోసకాయ, కాప్సికం, వెల్లుల్లి, వెనిగర్ కలిపి గ్లాసులో తాగేది. నాకైతే కోర్దోబా ఊరి సాల్మొరేహో ఇంకా ఇష్టం, అది చిక్కగా ఉంటుంది. కిలో బాగా పండిన టమాటాలు మిక్సీలో వేసి వడకట్టి, అందులో రెండువందల గ్రాముల నిన్నటి బ్రెడ్డు నానబెట్టి, ఒక వెల్లుల్లి రెబ్బ, ఉప్పు వేసి, వందా నూటయాభై మిల్లీలీటర్ల ఆలివ్ నూనె సన్నధారగా పోస్తూ మళ్ళీ తిప్పడమే. పైన ఉడికించిన గుడ్డు. మన స్లైస్ బ్రెడ్డులో తీపి ఉంటుంది, అది వాడితే పాడవుతుంది. వాళ్ళు హామోన్ తురుము కూడా చల్లుతారు, వద్దని చెప్పాలి.

గ్రనాదా వెళ్తే ఏదైనా డ్రింక్ తెప్పించండి, కూల్‌డ్రింక్ అయినా సరే, దాంతో ఒక చిన్న ప్లేటు తిండి ఊరికే ఇస్తారు. అన్ని ఊళ్ళలోనూ ఇవ్వరు, వలెన్సియాలో ఆశపడకండి. సాన్ సెబాస్తియాన్‌లో కౌంటరు మీద పిన్చోలు, అంటే పుల్లలు గుచ్చిన చిన్న చిన్న తినుబండారాలు, వరసగా ఉంటాయి. వాటిలో "హిల్దా" అని ఆలివ్, ఆంచోవీ చేప, ఊరమిరపకాయ ఒకే పుల్లకి గుచ్చింది మనవాళ్ళ నాలుకకి దగ్గర. అస్తూరియాస్ తెల్ల చిక్కుడు గింజల ఫబాదా, మద్రీద్ శనగల కొసీదో గొప్ప వంటలే, కానీ నిండా పంది, గొడ్డు ముక్కలుంటాయి. తినేవాళ్ళు చలికాలంలో, మధ్యాహ్నం తినండి. ఆ సాయంత్రం ఏ పనీ పెట్టుకోకండి. హామోన్ తినేవాళ్ళు కొద్దిగానే తెప్పించుకోండి, నల్ల లేబుల్ ఉన్నది. ఓక్ చెట్ల గింజలు మేసిన పందులది అది. మిగతా రంగులు తిని తీర్పు చెప్పొద్దు.

వైన్‌లో పళ్ళముక్కలు కలిపిచ్చే సాంగ్రియా కోసం పరిగెత్తకండి, అంతే.

తీపిలో "అర్రోస్ కోన్ లేచే" మన పరమాన్నమే, యాలకుల బదులు దాల్చినచెక్క, నిమ్మతొక్క. చల్లగా ఇస్తారు. చూర్రోస్ అంటే నూనెలో వేయించిన పొడుగాటి పిండి కడ్డీలు. పొద్దున వేడివేడిగా, గరిటె నిలబడేంత చిక్కటి చాక్లెట్‌లో ముంచి తినాలి, చల్లారితే జంతికలైపోతాయి.

ఓర్చాతా మాత్రం వేరే కథ. వలెన్సియా పక్కన అల్బొరాయా ఊరుంది. అక్కడ "చూఫా" అనే చిన్న గడ్డలు పండిస్తారు. నానబెట్టి, రుబ్బి, పిండితే పాలలాంటిది వస్తుంది. చల్లగా, తియ్యగా, కాస్త బాదం రుచి. ఫార్తోన్స్ అనే పొడుగాటి తీపి బన్ను ముంచుకుని తింటారు. పాలు లేవు, గుడ్లు లేవు, కాబట్టి శనివారం అమ్మకి బెంగలేదు. బన్ను సంగతి మాత్రం అడగాలి. తాగాక పొలం చూపిద్దామని తీసుకెళ్ళాను. నాన్న వంగి ఒక మొక్క పట్టుకుని చూసి, నా వైపు తిరిగి, "ఇది తుంగ కదమ్మా!" అన్నారు. ఇంచుమించు అంతే. మన చేలో కలుపుగా పెరిగే తుంగ, ఈ చూఫా ఒకే జాతి, రకాలు వేరు. మనది చేదు గడ్డ, ఇది తీపి గడ్డ. జీవితమంతా తుంగ పీకించడానికి కూలి ఇచ్చిన మనిషి, దాన్ని బోదెలు తోలి నీళ్ళు పెట్టి పెంచుతుంటే చూసి నోరు తెరిచి నిలబడిపోయారు. గ్లాసు మూడు యూరోల దాకా అని చెప్పాక ఇంకాసేపు నిలబడ్డారు.

తిరిగి వెళ్ళేటప్పుడు పిమెంతోన్ చిన్న రేకు డబ్బాలు కొనుక్కోండి, తేలిగ్గా ఉంటాయి, ఏ సూపర్ మార్కెట్లోనైనా దొరుకుతాయి. అమ్మ దాన్ని బంగాళాదుంప వేపుడులో చల్లుతోంది. తోర్తీయా కూడా చేస్తోంది, పచ్చిమిరపకాయలు వేసి. మూడో అంతస్తు ఆవిడకి ఆ సంగతి నేను చెప్పలేదు.

మొన్న నాన్న పొలం నుంచి ఫోన్ చేశారు. వెనకాల కూలీల మాటలు వినపడుతున్నాయి, తుంగ పీకిస్తున్నారట. "ఆ గడ్డలు కిలో ఎంతన్నావమ్మా అక్కడ?" అని అడిగారు.